న్యాయం కోసం నిలబడే నాయకత్వం – మన రెండు జిల్లాల పాఠాలు

(బి.ఎస్‌సి., బి.జడ్.సి., తృతీయ సంవత్సరం)

"నాయకులు పుడతారా, తయారవుతారా?" అనేది వక్తృత్వ పోటీల్లో మనందరం విన్న ప్రశ్నే. ఎటువైపు మాట్లాడినా చప్పట్లు వస్తయి. కానీ జవాబును వేదిక మీద గాక మన చుట్టుపక్కల ఊళ్ళలో వెతికితే మేలని నాకనిపించింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలంటే (2016లో విడిపోక ముందటి ఉమ్మడి జిల్లాలనే చెప్తున్న) కరువు, వలస, ఫ్లోరైడు నీళ్ళు అని బయటివాళ్ళకు తెలుసు. అన్యాయాన్ని ఎట్లా ఎదుర్కోవాలో యువకులకు నేర్పిన ప్రయత్నాలు కూడా ఇక్కడ నూరేండ్ల నుండి జరిగినయని మనలోనే చాలామందికి తెలియదు. ఆ ప్రయత్నాలను వరుసగా పరిశీలించి, వాటి నుండి మన కళాశాల ఏం తీసుకోవచ్చునో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. నాయకుడంటే పదవి ఉన్నవాడు అనే అర్థంలో నేను వాడటం లేదు. హక్కుగా రావలసింది రానివాళ్ళ పక్కన నిలబడి, దాన్ని అడగటం వాళ్ళకే నేర్పేవాడు నా దృష్టిలో నాయకుడు. మాది దేవరకొండ వైపు మెట్ట వ్యవసాయం చేసే కుటుంబం. మా ఇంట్లో డిగ్రీదాకా వచ్చింది నేనే మొదలు. సెలవులకు ఊరికి పోతే బ్యాంకు నోటీసు, పట్టాదారు పాసుపుస్తకం, ఆసుపత్రి చీటీ పట్టుకొని జనం వస్తరు. "నీకు సదువొచ్చు గద బిడ్డా, ఇండ్ల ఏమున్నదో సూడు" అంటరు. ఒకప్పుడు కాగితం చదవగలిగినవాడే ఊరి మీద పెత్తనం చేశాడు. కనుక చదువు ఎవరి పక్షాన నిలబడుతుందనేది మాకు పుస్తకాల్లోని ప్రశ్న కాదు, ఇంటి ముందటి ప్రశ్న.

1. గ్రంథాలయాలు, హాస్టళ్ళు

నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. తెలుగు బడులు తక్కువ. అటువంటి కాలంలో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు గారితో పాటు అందుకు పూనుకున్న రావిచెట్టు రంగారావు గారు నల్లగొండ జిల్లావారు. గ్రంథాలయం మొదలైంది ఆయన ఇంట్లోనే. తరువాత నల్లగొండ, సూర్యాపేటల్లో కూడా గ్రంథాలయాలు లేచినయి. 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నల్లగొండ నుండి 'నీలగిరి పత్రిక' నడిపారు.

1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారు దాన్ని ఊరూరికీ తీసుకుపోయారు. గ్రంథాలయాలు పెట్టడం, వర్తకుల ఇబ్బందులు, వెట్టిచాకిరి వంటి సమస్యల మీద చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచడం దాని పని.

రెండవది హాస్టలు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు స్థాపనకు ముఖ్యుడైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు వనపర్తి సంస్థానం వైపువారు. దానికి కార్యదర్శిగా పనిచేసిన సురవరం ప్రతాపరెడ్డి గారు గద్వాల-అలంపురం ప్రాంతంవారు. 1926లో 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టినదీ, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినదీ ఆయనే. పల్లె నుండి వచ్చిన పిల్లలు ఒకే కప్పు కింద ఉండి, పత్రిక చదివి, రాత్రి దాకా వాదించుకునే చోటు అది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్ళగొడితే, చాలామంది నాగపూర్ పోయి చదువు పూర్తిచేశారు కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇక్కడ ఒక లోపం కూడా చెప్పుకోవాలి. ఆ గ్రంథాలయాల్లో కూర్చున్నది, ఆ హాస్టళ్ళలో ఉన్నది ఎక్కువగా పై కులాల పిల్లలే, అందులోనూ మగపిల్లలే. ఏ వెట్టిచాకిరి గురించి పుస్తకాలు వేశారో ఆ వెట్టి చేసేవాళ్ళ పిల్లలు ఆ గడప తొక్కడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

2. చారాణా సభ్యత్వం

ఆంధ్ర మహాసభ రెండవ సమావేశం 1931లో మా దేవరకొండలోనే జరిగింది. అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావు గారు, పాలమూరు జిల్లావారు. 1936లో షాద్‌నగర్‌లో, 1941లో నల్లగొండ జిల్లా చిలుకూరులో సభలు జరిగినయి. చిలుకూరు సభకు అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి గారు. భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో 1908లో పుట్టిన ఆయన 1930లో చదువు వదిలి కాకినాడ వైపు ఉప్పు సత్యాగ్రహానికి పోయారు. తిరిగొచ్చి హరిజన సేవా సంఘం పనిలో దిగారు. అంటే పెద్ద భూస్వామి కుటుంబంలో పుట్టిన యువకుడు నాయకత్వం నేర్చుకున్నది వేదిక మీద కాదు, దళితవాడల్లో.

1944లో భువనగిరి సభ మళ్ళీ ఆయన అధ్యక్షతనే జరిగింది. ఆ సభ చేసిన ఒక పని చూడటానికి చిన్నది: సభ్యత్వ రుసుమును రూపాయి నుండి నాలుగణాలకు తగ్గించింది. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక వాక్యం కన్నా ఎక్కువ ఉండదు. కానీ రూపాయి ఉన్న రోజుల్లో సభ వకీళ్ళదీ, వర్తకులదీ, పటేండ్లదీ. చారాణా అయినంక జీతగాండ్లు, చాకలివాళ్ళు, గొల్లవాళ్ళు, కైకిలివాళ్ళు చీటీలు తీసుకున్నారు. జనం నోట ఆంధ్ర మహాసభ 'సంగం' అయింది.

అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనే దీని ఫలితం కనబడింది. పాలకుర్తి చాకలి (చిట్యాల) ఐలమ్మ సంగంలో చేరి, తాను కౌలుకు దున్నిన చేను పంటను విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకుపోకుండా నిలబడింది. 4 జులై 1946న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. ఐలమ్మకు ఏ కళాశాలా శిక్షణ ఇవ్వలేదు. సంగం సమావేశాల్లో కూర్చోవడం, పది మందిలో తన గోడు చెప్పుకోవడం, పది మంది తన చేనికి వచ్చి నిలబడటం, ఇదే ఆమెకు దొరికిన శిక్షణ.

3. నాలుగు వందల ఎనభై మంది

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వంటి మండలాల సంగతి మనకందరికీ తెలుసు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇక్కడి గ్రానైటు రాళ్ళ లోతుల్లోని బోరు నీళ్ళలో అది ఎన్నో రెట్లు ఎక్కువ. పండ్లు గారపట్టడం, కాళ్ళు వంకర్లు పోవడం, నలభై ఏండ్లకే నడుము వంగిపోవడం దాని లక్షణాలు.

వ్యవసాయ శాస్త్రం చదివి, బ్యాంకు ఉద్యోగం వదిలిన దుశ్చర్ల సత్యనారాయణ గారు జల సాధన సమితి పెట్టి, ఈ సమస్యకు జవాబు మందులు కాదు, కృష్ణా నీళ్ళు అని ఊరూరా చెప్పారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీకి నిలబడ్డారు. వారిలో ఎందరో ఫ్లోరైడు ఊళ్ళ సామాన్యులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. గెలవడం వాళ్ళ ఉద్దేశం కాదు, దేశం ఇటు చూడాలన్నదే ఉద్దేశం. దేశం చూసింది. ఆ ఏడే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 రూపాయల నుండి 10,000కు పెంచుతూ చట్టం మార్చారు.

ఒక రైతు నామినేషను పత్రం నింపాలంటే తన పేరు ఓటర్ల జాబితాలో ఎక్కడున్నదో చూడాలి, ప్రతిపాదకుడు కావాలి, కలెక్టరాఫీసుకు పోయి అధికారి ముందు కూర్చోవాలి. అదంతా ఒక పాఠమే. అంతమంది ఒకేసారి ఆ పాఠం నేర్చుకున్నారు.

4. బడి మానిన పిల్లలు

వృక్షశాస్త్రంలో మనం సంకరణం చదువుతం. పత్తిలో సాయంత్రం పూట, తెల్లారి విచ్చుకోబోయే మొగ్గను ఎంచి కేసరాలు తీసేయాలి. మరునాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి కీలాగ్రానికి పుప్పొడి తాకించాలి. పరీక్షలో దీనికి అయిదు మార్కులు. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో దీన్నే 'క్రాసింగ్' అంటరు. నెలల తరబడి పొద్దుమాపు ఇదే పని. చిన్న చేతులైతే మొగ్గ దెబ్బతినదనీ, కూలి తక్కువనీ ఆడపిల్లలను పెట్టుకునేవారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చేవారు. నా మేనమామ బిడ్డ నా ఈడుదే. ఆరో తరగతిలో ఈ పనికి పోయి మళ్ళా బడికి రాలేదు. నేను పుస్తకంలో చదివిన పాఠం ఆమె నాకన్న ముందే చేతులతో నేర్చింది; మార్కులు మాత్రం నాకు వచ్చినయి.

ఈ విషయంలో ఎం.వి. ఫౌండేషన్ అనుభవం ముఖ్యమైనది. 1981లో ఏర్పడిన ఈ సంస్థ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి మళ్ళించే పని చేపట్టి, తరువాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు విస్తరించింది. దీన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది. అయితే ఇల్లిల్లూ తిరిగింది ఊళ్ళోని యువతీ యువకులే. వాళ్ళలో చాలామంది తమ ఇంట్లో మొదట చదువుకున్నవాళ్ళు. వాళ్ళకు నేర్పిన సూత్రం సూటిగా ఉంటుంది: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పేదరికం పేర దానికి సాకు చెప్పరాదు. తల్లిదండ్రులను తిట్టొద్దు; పంచాయతీని, పంతులును, పనిలో పెట్టుకున్న రైతును కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. ఎదుటివాణ్ణి శత్రువును చేయకుండా పట్టు విడవకుండా ఉండటం మన విద్యార్థి రాజకీయాల్లో అరుదుగా కనిపించే విద్య.

5. లెక్కలు చదివిన కూలివాళ్ళ పిల్లలు

2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006లో అమలుకు వచ్చినప్పుడు మొదటి విడతలోనే మన రెండు జిల్లాలు ఉన్నయి. ఆ చట్టం 17వ సెక్షను గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలన్నది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనసునవాయిల్లో పుట్టిన ఈ పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెద్ద ఎత్తున చేపట్టి, 2009లో అందుకు వేరే సొసైటీని కూడా ఏర్పాటు చేసింది.

కూలి కుటుంబాల్లోని చదువుకున్న యువతీ యువకులను ఎంచి, కొద్దిరోజులు తరగతులు చెప్పి, వాళ్ళ చేతికి మస్టరు రోల్సు, కొలతల పుస్తకాలు ఇచ్చేవారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి "నీ పేర ఇన్ని రోజుల పని రాసి ఉన్నది, చేసినవా? ఇంత పైసలు రాసి ఉన్నది, ముట్టినయా?" అని అడగాలి. తవ్విన కట్టను టేపుతో కొలవాలి. బొంబాయిల ఉన్నవాని పేర హాజరు, చచ్చిపోయినవాని పేర కూలి, ఇటువంటి దొంగ మస్టర్లు అట్లా బయటపడేవి. ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక మీద అధికారుల ముందు ఊరు పేరు, మనిషి పేరు, మొత్తం చదివి వినిపించాలి.

నిన్నటిదాకా మేస్త్రి ముందు తలెత్తని కూలి బిడ్డ మైకు పట్టుకొని అంకెలు చదవడం మామూలు సంగతి కాదు. మా అమ్మ కూడా ఉపాధి పనికి పోయిన మనిషే. "మన లెక్క మనకే సదివి సెప్పిండ్రు" అని ఆమె ఇప్పటికీ అంటది. అయితే తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంచెమే. తప్పు చేసినవాళ్ళలో శిక్ష పడ్డవాళ్ళూ తక్కువే. నిజం బయటపెట్టడం ఒక ఎత్తు, న్యాయం జరిపించడం ఇంకో ఎత్తు అని ఈ అనుభవం చెప్తున్నది.

6. ఇతర దేశాల అనుభవం

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో 1932లో మైల్స్ హోర్టన్, ఆయన మిత్రులు హైలాండర్ అనే జానపద పాఠశాల పెట్టారు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఒక బల్ల మీద తినడమే నేరమైన చోట అక్కడ కలిసి తిని, కలిసి చదువుకున్నారు. 1955 వేసవిలో అక్కడి శిక్షణకు పోయిన రోజా పార్క్స్ అదే ఏడు డిసెంబరు 1న బస్సులో సీటు వదలనన్నది. 1957లో దక్షిణ కెరొలైనాలోని జాన్స్ దీవిలో, ఒక సహకార దుకాణం వెనక గదిలో, సెప్టిమా క్లార్క్ ప్రోత్సాహంతో రాత్రి బడి మొదలైంది. మొదటి పంతులమ్మ బెర్నీస్ రాబిన్సన్ వెంట్రుకలు దువ్వే పనిచేసుకునే మనిషి. ఓటరు నమోదు పత్రం, మనియార్డరు ఫారం, ఇవే అక్కడి వాచకాలు.

1964 జూన్‌లో ఒహాయోలోని ఒక మహిళా కళాశాలలో, మిసిసిపీ పోయి నల్లవాళ్ళకు ఓటు హక్కు ఇప్పించే పనికి వందలాది విద్యార్థులకు శిక్షణ ఇచ్చారు. ఉత్తరాది నుండి వచ్చిన తెల్లవాళ్ళలో యూదులు చాలామంది. దెబ్బలు పడ్డప్పుడు తల ఎట్లా కాపాడుకోవాలో కూడా నేర్పారు. ప్రాణం పోవచ్చునని దాచకుండా చెప్పారు. జూన్ 21న ముగ్గురిని చంపేశారు. జేమ్స్ చేనీ స్థానిక నల్లజాతి యువకుడు. మైఖేల్ ష్వెర్నర్, ఆండ్రూ గుడ్‌మన్ యూదులు. గుడ్‌మన్ వయసు 20. ఈ వ్యాసం రాస్తున్న నా వయసూ అంతే.

యూదుల హీబ్రూ భాషలో దానానికి వాడే 'ట్సెడాకా' అనే మాట, న్యాయం అనే అర్థమున్న 'ట్సెడెక్' మూలం నుండి వచ్చింది. మనం దానధర్మాలంటం, అక్కడ ఇవ్వడమే న్యాయంలో భాగం. 1998లో న్యూయార్క్‌లో మొదలైన 'అవోదా' అనే సంస్థ చదువు ముగించిన యూదు యువతీ యువకులను ఏడాదిపాటు ఒకే ఇంట్లో ఉంచుతుంది. పగలు పేదల కోసం పనిచేసే సంస్థల్లో పని, మిగిలిన వేళల్లో కలిసి చదువు. అవోదా అంటే పని, సేవ, ఆరాధన అని మూడర్థాలు. మన హాస్టళ్ళకు మంచి రోజుల్లో ఉన్న స్వభావం ఇదే గదా!

7. నేర్చుకోవలసినవి

పై అనుభవాలన్నీ కలిపి చూస్తే కొన్ని విషయాలు తేలుతున్నయి.

(అ) పాఠం ఊరి కష్టం నుండే మొదలుకావాలి. వెట్టి, నీళ్ళు, కూలి, బడి: ప్రతిచోటా శిక్షణకు ముందే సమస్య ఉన్నది.

(ఆ) కాగితం, లెక్క తెలియాలి. ఆవేశం ఒక్క రోజుది. మస్టరు రోలు చదవడం వస్తే అది జీవితకాలం ఉంటది.

(ఇ) కలిసి ఉండాలి, కలిసి తినాలి. ఒకే కులం హాస్టలులో తయారైన నాయకత్వానికి ఆ కులం గోడల దాకే చూపు ఆనే ప్రమాదం ఉన్నది.

(ఈ) తలుపు వెడల్పు చేయాలి. నాలుగణాల సభ్యత్వం నేర్పింది ఇదే. రుసుము అంటే డబ్బొక్కటే కాదు. ఇంగ్లీషు, బట్టలు, సభకు వచ్చే వేళ ఇవన్నీ రుసుములే. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలంటే సాయంత్రం ఏడింటికి పెట్టిన సమావేశానికి వాళ్ళు రాలేరు.

(ఉ) అపాయాన్ని దాచకూడదు. లెక్క అడిగినవాడికి ఊళ్ళో పగ తప్పదు. అందుకే ఒంటరిగా ఎవరినీ ముందుకు తోయకూడదు.

8. మన కళాశాల చేయదగ్గది

విద్యార్థి సంఘానికి నాదొక సూచన. ప్రతి వేసవిలో పది రోజుల గ్రామ అధ్యయన శిబిరం పెట్టవచ్చును. ఇరవై మంది చాలు. సగం మంది అమ్మాయిలు ఉండాలి, అన్ని కులాలవాళ్ళు ఉండాలి. మొదటి మూడు రోజులు తరగతులు: సమాచార హక్కు చట్టం (2005) కింద దరఖాస్తు రాయడం, కనీస వేతనాల పట్టిక చదవడం, పంచాయతీ ఖర్చుల లెక్క చూడటం. ఆ చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలనీ, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదనీ మన ఊళ్ళల్ల ఎంతమందికి తెలుసు? తరువాతి ఆరు రోజులు రెండు ఊళ్ళలో నివాసం. రసాయన శాస్త్ర విద్యార్థులు బోరు నీళ్ళు పరీక్షించవచ్చును. జంతుశాస్త్రం వాళ్ళు పిల్లల పండ్లు చూసి రాసుకోవచ్చును. కామర్సు వాళ్ళు లెక్కలు చూడవచ్చును. చివరి రోజు అదే ఊరి చావడి దగ్గర, తెలిసినదంతా ఆ ఊరివాళ్ళకే తెలుగులో చదివి వినిపించాలి. సర్టిఫికెట్టు ఇచ్చేది కళాశాల కాదు, ఆ సభ. ఊరివాళ్ళు "మల్ల రాండ్రి" అంటే పాసైనట్టు.

ఖర్చు పెద్దగా కాదు. బియ్యం, పప్పు మనమే ఇండ్ల నుండి తెచ్చుకోవచ్చును. రైతు బిడ్డలకు ఆ మాత్రం కష్టం కాదు. ఈ శిబిరం వల్ల మన ఊళ్ళ సమస్యలు తీరిపోతయని నేననడం లేదు. కానీ మూడేండ్ల చదువు ముగించి పోయేటప్పుడు మనలో ఇరవై మందికి ఒక కాగితం చదివి పది మందికి విప్పి చెప్పడం, ఒక అధికారి ముందు నిలబడి మర్యాదగా అడగటం వస్తే, మా ఊరివాళ్ళు తెచ్చే చీటీలకు జవాబు చెప్పేవాళ్ళు ఊరికొకరైనా ఉంటరు.

ఈ సూచనను వచ్చే విద్యా సంవత్సరం మొదటి సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా విద్యార్థి సంఘం పెద్దలనూ, అధ్యాపక మహాశయులనూ కోరుతున్నాను. చేరేవాళ్ళ పట్టికలో మొదటి పేరు నాది రాసుకోవచ్చును.